చదువొల్లని వకీలు

తార్నాక చౌరస్తాలో మెట్రో వంతెన నీడను నిలిచి ఒక గ్లాసు చాయ త్రాగి, పిమ్మట ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణము మీదుగా అంబరుపేటకు నడచిపోవుట, వయస్సు మీఱిన పిదప నాకు మిగిలిన వ్యసనములలో వైద్యులు సయితము నిషేధింపని దొకటి. ఆ విధముగా నొకనాటి సాయంకాలము నిలిచియుండగా, ప్రక్కబల్లమీద కూర్చుండి ఫోనులో లాసెట్ పరీక్షకు దరఖాస్తు నింపుచున్న యువకు డొకడు, నా తెల్లచొక్కాను, చంకలోని కాగితముల కట్టను చూచి నన్ను వకీలుగా భావించెను కాబోలు, "సార్, నాకు సదువుడంటే అస్సలు పడదు. మాట్లాడుడైతే మస్తొస్తది. లా జేస్తే నడుస్తదా?" అని అడిగెను. నేను వకీలును కాను. మా తండ్రిగారును వకీలు కారు. ఒక వకీలుగారి యొద్ద ముప్పది యేండ్లు మున్షీగా నుండి, అంబరుపేటలో రెండు గదుల యిల్లు కట్టుకొని, అందులోనే కన్ను మూసిన వారు. ఆ సంగతి చెప్పి తప్పించుకొనవచ్చును గాని, "నడవదు నాయనా" అని ముక్తసరిగా ననేసి ముందుకు సాగితిని. ఆర్ట్స్ కళాశాల ముంగిటికి చేరునప్పటికి ఆ సమాధానము నాకే తప్పుగా తోచెను.

తప్పని తోచుటకు మొదటి కారణము ఆ వృత్తి పేరే. వకీలు అను అరబ్బీ పదమునకు ఒకరి పనిని తన పనిగా నెత్తికెత్తుకొన్నవాడని యర్థము. అందు చదువు ప్రసక్తి లేదు. పదునెనిమిదవ శతాబ్దమున నిజాము దర్బారులో వకీళ్లనగా న్యాయవాదులు కారు, రాయబారులు. పీష్వాల పక్షమున హైదరాబాదున నివసించిన గోవిందరావు కాళే వకీలే. తన ప్రభువు పలుకును పరాయి కొలువులో పలుకుటయే వాని పని. అనగా వానికి ముందుగా కావలసినది నోరు, ఆ నోటిని ఎప్పుడు మూయవలెనో తెలిసిన నేర్పు. అయినను ఆ కాళే పూనాకు వ్రాసిన లేఖలు నేడు చరిత్రకారుల కొక గని యనుట చూడగా, ఆ కాలమున సయితము నోటివెనుక కలమొకటి నడచుచునే యుండెనని ఒప్పుకొనక తప్పదు.

మన దేశపు ప్రాచీన వ్యవహారశాస్త్రము నోటికంటె కాగితమునకే, అనగా నాటి తాళపత్రమునకే, పెద్దపీట వేసినది. విజ్ఞానేశ్వరుని మితాక్షరను పదుమూడవ శతాబ్దమున, తిక్కనసోమయాజి నాశ్రయించిన మూలఘటిక కేతన, విజ్ఞానేశ్వరీయ మను పేర తెనుగు పద్యములలోనికి దింపెను; తెలుగున వెలసిన ధర్మశాస్త్ర గ్రంథములలో దానిది మొదటి వరుస. ఆ సంప్రదాయము ప్రకారము వాది చెప్పిన మాటను ప్రతివాది యెదుట వ్రాయింపవలెను. రుజువులు మూడు తెఱగులు, లిఖితము, భుక్తి, సాక్షి. ఆ వరుసలో లిఖితమే మొదట నిలిచినది. వ్యవహారము నడచు నాలుగు పాదములలో మొదటిదానికి భాష యని పేరు పెట్టుట నా కెప్పుడును వింతగనే యుండును. వాది ఫిర్యాదునకు భాష యని పేరట! హైదరాబాదు న్యాయస్థానముల చరిత్ర యంతయు ఆ పాదముననే తడబడుచు నడచినది.

మొదటి సాలారుజంగు 1853లో దివానగిరి చేపట్టి, మూడు దశాబ్దములపాటు రాజ్యపాలనమును చక్కదిద్దుచు అదాలతులను కొంత క్రమములో పెట్టెను. ఆయన కాలమున కచేరీల భాష పారశీకము. తెలంగాణపు రైతు తెలుగులో ఏడ్చినది, మరాఠ్వాడా రైతు మరాఠీలో మొఱపెట్టినది, మున్షీ చేతిలో పారశీకమై, న్యాయాధికారి ఎదుట నెవ్వరి యేడుపో తెలియని లలితమైన శైలిలో చదువబడుచుండెను. ఆయన మరణించిన కొలది కాలమునకే, 1884 ప్రాంతమున, ఆ స్థానమున ఉర్దూ వచ్చెను. రాజధానిలోని వారికిది సుఖమే. కాని పారశీకమునందు ముప్పది యేండ్లు తలపండిన వకీళ్లకు, తాము నేర్చిన చదువు ఒక్క హుకుముతో పాతచదువై పోయెను. ఈ నగరపు వకీలునకు చదువు చేతికిచ్చి లాగుకొనుట అది మొదటిసారి, తరువాతను జరిగెను.

ఆర్ట్స్ కళాశాల మెట్లమీద కొంతసేపు కూర్చుండుట నా అలవాటు. ఆ గులాబిరంగు రాతిమేడను ఏడవ నిజాము 1939 డిసెంబరు 4వ తేదీన ప్రారంభించెను. దానిని చూచుటకు వచ్చువారు కమానులను, స్తంభములను మెచ్చుకొని పోవుదురు గాని, నాకు మాత్ర మది ఒక భాషా సాహసమునకు కట్టిన సౌధముగా కనబడును. 1918లో ఏర్పడిన ఈ విశ్వవిద్యాలయమునకు బోధనభాష ఉర్దూ. భారతదేశమున ఒక దేశభాషలో వైద్యము మొదలు న్యాయశాస్త్రము వఱకు సమస్తమును ఉన్నతస్థాయిలో బోధింప సాహసించినది ఇదియే. ఇందుకు ముందుగా, 1917లోనే, దారుల్ తర్జుమా యను అనువాదశాలను నెలకొల్పి, మౌల్వీ అబ్దుల్ హక్కును దానికి పెద్దగా నియమించిరి. ఇంగ్లీషు గ్రంథమున నొక మాట తటస్థించిన చోటనెల్ల పండితులు కూర్చుండి, ఇది అరబ్బీ ధాతువునుండి తీయవలెనా, హిందీ పలుకుబడినుండి తీయవలెనా యని వాదులాడి, ఒక్కొక్క పారిభాషిక పదమును పుట్టించిరి. ఆ విధముగా పుట్టిన న్యాయశాస్త్రమును చదివినవారు ఈ మెట్లమీదుగా దిగి, మూసీ దక్షిణపు టొడ్డున 1920లో తెఱచిన హైకోర్టు మేడలో వాదించిరి. 1908 సెప్టెంబరు వరద ఊడ్చుకొని పోయిన ఆ యొడ్డుననే, శంకర్‌లాల్, మెహర్ అలీ ఫాజిల్ అనువారలు గీచిన నమూనా ప్రకారము ఆ భవనము లేచినది.

ఇందులో తెలుగువాని గతి యేమి? వాని గతి తెలియుటకు ఒక్క ముద్దాయి యను మాట చాలును. ఉర్దూలో ముద్దయీ యనగా దావా వేసినవాడు, వాది. ఎవనిపై దావా పడినదో వాడు ముద్దా అలైహ్. తెలుగులో ముద్దాయి యనగా నేరము మోపబడినవాడు. వాది పేరు పోయి ప్రతివాది మెడకు చుట్టుకొన్నది! రెండవ మాట తోకను జనము నోరు మ్రింగివేయుటచే నిట్లు జరిగియుండవచ్చును. కారణ మేదైనను, కోర్టుభాషను చెవితో వినుటయే గాని కంటితో చదువుటకు నోచుకొనని వారి నాలుకపైననే ఇట్టి తాఱుమాఱు జరుగగలదు. దావా వేయుటకు పోయిన వాడును, దావాలో చిక్కినవాడును కచేరీ మెట్లెక్కునప్పుడు ఒకే విధముగా వణకుదురు గదా. ఆ లెక్కను మన జనము చేసిన పొరపాటు పూర్తిగా పొరపాటు కాదేమో.

ఈ దుఃస్థితికి సమాధానము పుట్టినదియు వకీళ్లనుండియే. 1921 నవంబరు 12వ తేదీన వివేకవర్ధినీ థియేటరున మహర్షి కర్వే అధ్యక్షతన సంఘసంస్కార సభ జరుగుచుండెను. ఉర్దూ, మరాఠీ, ఇంగ్లీషు ఉపన్యాసములు శాంతముగా వినిన ఆ సభ, వకీలైన ఆలంపల్లి వేంకటరామారావుగారు లేచి తెలుగున మాటలాడ మొదలిడగానే ఈలలతో, చప్పట్లతో నోరెత్తనీయక కూర్చుండబెట్టెను. మాటలాడుటయే జీవనోపాధిగా గల వకీలునకు, తల్లిభాషలో మాటలాడు టనునది దుస్సాధ్యమైన దినమది. ఆ రాత్రియే కొందరు కూడి ఆంధ్రజనసంఘమును స్థాపించిరి. దానిని పెంచి పెద్దచేసిన మాడపాటి హనుమంతరావుగారు వకీలు. నోటిమాటకు జరిగిన అవమానమునకు వారు కనిపెట్టిన మందు ఉపన్యాసము కాదు, గ్రంథాలయము. 1901లోనే ఈ నగరమున శ్రీకృష్ణదేవరాయ ఆంధ్రభాషానిలయము వెలసియుండెను; 1904లో హనుమకొండలో రాజరాజనరేంద్ర భాషానిలయము వెలసెను. ఆ విత్తనములే ఊరూర మొలకెత్త నారంభించెను. పగలు కచేరీలో ఉర్దూ మిసిళ్లు తిరుగవేసి, సాయంకాలము తెలుగు పుస్తకములకు అట్టలు వేసిన వకీళ్లు ఆనాటి తెలంగాణమున నెందఱో.

కాని ఇక్కడ నొక చిక్కు ప్రశ్న కలదు. దానిని దాచిపెట్టి ఆ తార్నాక పిల్లవానికి నీతులు చెప్పుట న్యాయము కాదు. చదువును ప్రాణముగా ప్రేమించిన ఆ వకీళ్లు తుదకు వకీళ్లుగా మిగిలిరా? సురవరము ప్రతాపరెడ్డిగారు బి.ఎల్. చదివి, వకాలతు చేసి, 1926 మే 10వ తేదీన గోలకొండ పత్రిక వెలువడినది మొదలు దానికే అంకితులైరి. ఆయనను నేడు తలచునది ఆంధ్రుల సాంఘిక చరిత్ర కొఱకే గాని, గెలిచిన దావాల కొఱకు కాదు. హనుమంతరావుగారు బాలికల పాఠశాలకు, ఆంధ్రమహాసభకు, తరువాత 1951లో నగరపు ప్రథమ మేయరు పదవికి తమ కాలము ధారపోసిరి. బూర్గుల రామకృష్ణారావుగారు పేరుమోసిన వకీలే; అయినను పారశీక వాఙ్మయ చరిత్ర వ్రాసిన ఆ బహుభాషావేత్తను రాజకీయము 1952లో ముఖ్యమంత్రి పీఠమునకు లాగికొనిపోయెను. వందేమాతర ఉద్యమమున ఉస్మానియా నుండి వెడలగొట్టబడి, నాగపూరున న్యాయశాస్త్రము చదివి, బూర్గులవారి యొద్దనే జూనియరుగా చేరిన పాములపర్తి వేంకట నరసింహారావుగారి సంగతి చెప్పనక్కఱ లేదు. వేయిపడగలను హిందీలోనికి తెచ్చిన ఆయన నల్లకోటు తొడిగిన దినములు ఆయన జీవితమున నొక చిన్న అధ్యాయము. చదువును ప్రేమించిన వాడు దావాలో చిక్కిన కాగితమును చదువుచు, దాని వెనుకనున్న చరిత్రను, భాషను, అన్యాయమును చదువుట మొదలుపెట్టును; అంతతో వాని వకాలతు చెడును. కావున అతిగా చదువువాడును ఈ వృత్తికి తగడని వాదించుటకు ఈ నగరచరిత్రలో దండిగా సాక్ష్యము కలదు.

మఱి ఎవరు మిగిలిరి? మా తండ్రిగారు కొలువు చేసిన వకీలుగారి వంటివారు. ఆయన పేరు చెప్పను. ఆజానుబాహువు, కంచుకంఠము, జిల్లా కోర్టులో లేచి "మై లార్డ్" అనగా బయట వేపచెట్టుక్రింది కక్షిదారులు సయితము లేచి నిలుచుండెడివారట. ఆయనకు చదువనిన విముఖత. విముఖత యనుట కూడ మర్యాదకే. రాత్రి భోజనానంతరము వాలుకుర్చీలో కనులు మూసికొని పడుకొనును. మా తండ్రిగారు నేలపై చాపమీద కూర్చుండి, లాంతరు వెలుతురున మిసిలును మొదటి పుటనుండి చదివి వినిపించును. ఎఱ్ఱనీలపు పెన్సిలుతో గీతలు గీయుట, తేదీల పట్టిక వ్రాయుట, ఏ సాక్షి ఏ పుటలో తడబడెనో గుర్తుపెట్టుట మా తండ్రిగారి పని. ఒక్కమాఱు వినిన దానిని ఆ మహానుభావుడు మఱవడు. మఱునాడు కోర్టులో, తానే రాత్రి తెల్లవార్లు చదివినట్లు, పుటసంఖ్యతో సహా చెప్పును. వేదమును వినియే నేర్చిన దేశములో ఇది తప్పెట్లగునని మా తండ్రిగారు నవ్వుచు సమర్థించెడివారు.

ఆ సమర్థన ఒక్కసారి బెడిసికొట్టెను. నేను పుట్టక పూర్వము, మా తండ్రిగారు సన్నిపాత జ్వరముతో నెలదినములు మంచము పట్టినప్పుడు, ఒక వితంతువు తన భర్త ఇచ్చిన అప్పు తాలూకు ప్రోనోటు తెచ్చి వకీలుగారికి ఒప్పజెప్పెను. నోటు వ్రాసి మూడేండ్లు దాటినది. దాటిన పిదప దావా చెల్లదు. కాని నోటు వెనుకప్రక్క, బాకీదారుడు గడువు తీరకమునుపే కొంత సొమ్ము చెల్లించి, తన చేతితో చెల్లు వ్రాసి సంతకము పెట్టియుండెను. అట్టి చెల్లు పడిన తేదీనుండి గడువు క్రొత్తగా లెక్కకు వచ్చును. గడువు మించినట్లు కనబడు దావాలో, ఏ కారణముచే అది మించలేదో ఆ కారణమును అర్జీలోనే పేర్కొనవలెనని సివిలు ప్రక్రియా స్మృతి ఏడవ ఉత్తరువు చెప్పుచున్నది. వకీలుగారు నోటును చూచిరి, తిప్పలేదు. అర్జీలో చెల్లు ప్రస్తావన లేకపోయెను. ఎదుటి వకీలు లేచి ఒక్క వాక్యము పలికి కూర్చుండెను. ఆ పొరపాటును సరిదిద్దుకొనుటకు పై కోర్టుల చుట్టు ఆ తల్లి మఱి రెండేండ్లు తిరిగెను. మా తండ్రిగారు ఈ కథ చెప్పునప్పుడెల్ల వకీలుగారిని నిందించెడివారు కారు, తమ జ్వరమునే నిందించెడివారు. నాకు మాత్రము ఆ వకాలత్నామాపై ఆ తల్లి పెట్టిన నిశానీయే కండ్లయెదుట నాడుచుండును. ఆమెకు అక్షరము రాదు. తనకు రాని పనినే, కూలి యిచ్చి, ఆయనచే చేయింపబూనెను. ఆయన దానిని నేలమీద కూర్చున్న ఇంకొకనికి పంచిపెట్టెను. కాగితమును తిప్పి చూచుటకు ఇష్టముతో పనియేమి? కూలి పుచ్చుకొన్న తరువాత చేను దున్నుట ఇష్టమా కాదా యని రైతుకూలీ ఎన్నడైన ఆలోచించునా?

కంచుకంఠపు వకీళ్లు ఇచట మాత్రమే లేరు. కోస్తాలో టంగుటూరి ప్రకాశముగారు బాల్యమున నాటకములలోను, అల్లరిమూకలలోను మునిగి తేలినవారు. రెండవ తరగతి ప్లీడరుగా రాజమహేంద్రవరమున నోటిబలముతోనే ధనము గడించిరి. ఆ పట్టాతో మద్రాసు హైకోర్టున వాదించు నధికారము లేదని తెలిసి, సముద్రము దాటి బారిస్టరు చదువు చదివి వచ్చి, పిదప లా టైమ్స్ అను న్యాయపత్రికను సయితము నడపిరి. నోరు ఆయనను ఎంత దూరము తెచ్చినదో, అచ్చట నిలుచుటకు ఎంత చదువు కావలసివచ్చినదో ఆయన జీవితయాత్ర చెప్పును.

1948 సెప్టెంబరులో పోలీసుచర్య జరిగెను. పిదప విశ్వవిద్యాలయపు బోధనభాష ఇంగ్లీషయ్యెను. దారుల్ తర్జుమా పండితులు పుట్టించిన పదములన్నియు ఒక్క యేడాదిలో అనాథలయ్యెను. రెండవమాఱు ఈ నగరపు వకీలు చేతినుండి చదువు లాగబడెను. నలువదేండ్ల వయస్సున, పిల్లల పాఠ్యపుస్తకములు ముందుపెట్టుకొని ఇంగ్లీషు వ్యాకరణము వల్లించిన ఉర్దూ వకీళ్లను మా తండ్రిగారు ఎఱుగుదురు. 1956 నవంబరులో గుంటూరునుండి ఆంధ్ర హైకోర్టు కదలి హైదరాబాదు వచ్చినప్పుడు, న్యాయమూర్తులతోను న్యాయవాదులతోను మద్రాసు తీర్పుల సంపుటములు బండ్లకొలది దిగెను. డెక్కన్ లా రిపోర్టుల ఉర్దూ సంపుటములు అలమారుల వెనుక వరుసకు జరిగెను. ఆ కాలమున హైదరాబాదు న్యాయస్థానమునుండి ఎదిగిన పింగళి జగన్మోహనరెడ్డిగారు సర్వోన్నత న్యాయస్థానమునకు పోయి, కేశవానంద భారతి వ్యాజ్యమును వినిన పదుమూడుగురిలో నొకరైరి. అఱువది యెనిమిది దినములు వాదములు జరిగిన ఆ వ్యాజ్యపు తీర్పు 1973 ఏప్రిల్ 24న, పదునొకండు వేఱువేఱు అభిప్రాయములుగా, ఏడువందల పుటలకు పైబడి వెలువడెను. పదవీ విరమణానంతర మాయన ఈ విశ్వవిద్యాలయమునకే ఉపాధ్యక్షులుగా వచ్చిరి. నోటిమాటలు అఱువది యెనిమిది దినములతో ఆఱిపోయినవి. ఆ పుటలను మాత్రము యాబదేండ్లుగా జనము చదువుచునే యున్నారు, చదివి తగవులాడుచునే యున్నారు.

ప్రాంగణము దాటి విద్యానగరము మీదుగా అంబరుపేట వైపు దిగునప్పుడు ఆంధ్రమహిళాసభ ఆవరణయు, తరువాత డీ.డీ. కాలనీయు వచ్చును. ఆటోవాడు మొదలు ఇంటిపన్ను గుమాస్తా వఱకు అందఱకును అది డీ.డీ. కాలనీయే, ఆ రెండక్షరములు దుర్గాబాయి దేశ్‌ముఖ్ అని విప్పి చెప్పువారు తక్కువ. చదువు, వకాలతు అను ప్రశ్నకు నాకు దొరికిన ఉత్తరములలో ఆమె కథయే బలమైనది. 1909లో రాజమహేంద్రవరమున పుట్టిన ఆమె, ఇంగ్లీషు బోధనను నిరసించి బడి మానివేసెను; చదువు మానిన ఆ బాలికయే వీధిలోని ఆడువారికి హిందీ నేర్పు పాఠశాల తెఱచెను. ఉప్పు సత్యాగ్రహము నాటినుండి మూడుమాఱులు చెఱసాల కేగెను. మధుర జైలున, హత్యానేరమున శిక్షపడిన స్త్రీల నడుమ ఉండవలసి వచ్చినప్పుడు, తామేమి ఒప్పుకొన్నారో, ఆ ఒప్పుకోలునకు చట్టమున ఏమి యర్థమో తెలియక శిక్షల పాలైన అమాయకురాండ్రను ఆమె చూచెను. వారి పక్షమున మాటలాడవలెనన్న నోరొక్కటి చాలదని ఆమెకు అక్కడనే తెలిసెను.

బయటికి వచ్చి, మానివేసిన ఇంగ్లీషునే మఱల చేతబట్టి, కాశీ విశ్వవిద్యాలయపు మెట్రిక్యులేషను, ఆంధ్ర విశ్వకళాపరిషత్తు పట్టము, మద్రాసులో న్యాయశాస్త్రము వరుసగా దాటి, 1940ల మొదట వకీలై, క్రిమినలు కేసులు చేపట్టెను. రాజ్యాంగ సభలో నాలుగుదిక్కుల పండితుల నడుమ లేచి సవరణలపై సవరణలు ప్రతిపాదించెను. ఆమెకు చదువనిన ఇష్టమా? బడి మానిన పిల్లను ఆ ప్రశ్న అడుగుట పొరపాటు. మధుర జైలులోని ఆడువారికి తెలియని కాగితముల నన్నిటిని తాను చదువక తప్పదని ఆమెకు తోచెను. అంతటి వాడిగల చదువు పుస్తకప్రియులలో అరుదు.

ఇప్పటి సంగతి. లాసెట్ పరీక్షలో తొంబది నిమిషములలో నూటయిరువది ప్రశ్నలకు గుర్తు పెట్టవలెను. అందు ఒక్క పేరా వ్రాయ నక్కఱలేదు. పిదప బారు కౌన్సిలు పెట్టు పరీక్షకు వ్యాఖ్యలు లేని చట్టప్రతులను వెంట తీసికొని పోవచ్చును. తీర్పులను సంగ్రహించి చెప్పు యంత్రములు ఫోనులోనికి వచ్చినవి. ఇవన్నియు చూచి చదువొల్లని వాని కిది మంచి కాలమనుకొందు మేమో. కాని ఇంతలో 2024 జూలై 1వ తేదీ వచ్చెను. 1860 నాటి శిక్షాస్మృతిలోని 511 సెక్షనులు పోయి భారతీయ న్యాయసంహితలో 358 వచ్చెను. 302 కాస్త 103 అయ్యెను. తెలుగువాని నోట తిట్టుగా స్థిరపడిన 420 పోయి 318లో కలసెను. నిన్న కొత్తగా కోటు తొడిగిన పిల్లవాడును, నలువదేండ్లు వాదించిన పెద్దయును ఒకే బల్లపై ఒకే పుస్తకమును మొదటి పుటనుండి తిరుగవేసిరి. పారశీకము, ఉర్దూ, ఇంగ్లీషు, ఇపుడు సంఖ్యలు. ఇది మూడవమాఱు.

నోటికి పని లేదని నేననను. సాక్షిని బోనులో నిలిపి అడ్డుప్రశ్నలు వేయునప్పుడు, కంఠము, కన్ను, సమయస్ఫూర్తి చూపినంత వినోదము వేఱెక్కడను లేదు. కాని సాక్షి నేడు చెప్పినదానికిని, పూర్వము వ్రాసియిచ్చినదానికిని గల భేదమును చూపదలచినచో, 1872 నాటి సాక్ష్యచట్టపు 145వ సెక్షను మొదలు నేటివఱకు చట్టము కోరునది ఒక్కటే: ఆ పాతవ్రాతలోని ఆ భాగమును సాక్షికి చూపవలెను. "తూర్పు గట్టు" అని నేడన్నవాడు, మూడేండ్ల క్రిందట "తూర్పు చెలక గట్టు" అని యున్నాడని చూపు వేలు, ముందురాత్రి ఆ కాగితముపై తిరిగిన వేలై యుండవలెను. మా తండ్రిగారి వేలు అట్టిది. వాదించినది మాత్రము వేఱొకరు.

వారము తిరిగి తార్నాకలో ఆ పిల్లవాడే మఱల కనబడెను. నా "నడవదు"ను వాడు మనసున పెట్టుకొనలేదు. పైపెచ్చు నాకును ఒక చాయ చెప్పెను. లా యెందుకు చదువదలచితి వని ఈమాఱు నేనడిగితిని. భువనగిరి దగ్గఱ వాని తాతకు రెండెకరముల చెలకపై పాత తగవున్నదట. వకీళ్లు మాఱిరట, కాగితములు మాఱలేదట. ఫోనులో తీసిన ఆ కాగితముల ఛాయలను వాడు నా ముందు పెట్టెను. ఒకటి సేత్వారు అను భూమి లెక్కల పత్రపు నకలు, అంతయు ఉర్దూ. "మా ఇంట్ల ఎవలకి రాదు సార్. వకీల్ సాబ్‌కి గూడ రాదంటున్నడు. మీకొస్తదా?" మా తండ్రిగారు చిన్ననాట నేర్పిన అలీఫ్, బే నాకు మిగిలినవి, ఆ గొలుసు వ్రాతను విడదీయుట కవి చాలవు. అయినను కండ్లద్దాలు తుడుచుకొని, ఛాయను వ్రేళ్లతో పెద్దది చేసి, కుడినుండి ఎడమకు ఒక్కొక్క అక్షరమే కూడబలుకుచు, ఒక పేరును పట్టుకొంటిని. అది వాని ముత్తాత పేరే. వాడు చాయ గ్లాసు ప్రక్కకు జరిపి, బల్లమీదికి వంగి, "దీని కింద ఆ గీత ఏంది సార్? గా పక్కది ఏం లెక్క?" అని వరుసగా అడుగ నారంభించెను. నాకు తెలియలేదు. విశ్వవిద్యాలయములో ఉర్దూ శాఖ యున్నది, పద పోదమని లేచితిమి.